ఆటస్థలమున వెలసిన గ్రంథాలయము

అమెరికా దేశమునకు బోయి వచ్చిన మనవారు సామాన్యముగా నయాగరా జలపాతమును గూర్చియు, న్యూయార్కు నగరపు ఆకాశమంటు మేడలను గూర్చియు ముచ్చటించుచుందురు. మేమును వానిని జూచితిమి, సంతోషించితిమి. కాని మా మనస్సున నేటికిని మెదలుచున్నది వేఱొక చోటు. చికాగో నగరపు దక్షిణభాగమున నొక పెద్ద గ్రంథాలయము గలదు. అది నిలిచిన నేల యొకనాడు వేలకొలది జనులు కూర్చుండి వేడుక చూచిన ఆటస్థలము. ఆటస్థలము పోయి గ్రంథాలయ మెట్లు వచ్చెనో, ఆ కథకును మా యింటి కథకును పొత్తెట్లు కుదిరెనో విన్నవించుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

2025వ సంవత్సరము అక్టోబరు నెలలో మే మిరువురమును మా కుమార్తె యింట నుంటిమి. వారి కాపురము చికాగోకు పడమట సుమారు 30 మైళ్ల దూరమున నేపర్‌విల్ అను నూర. మా మనుమనికి 17 ఏండ్లు. ఉన్నత పాఠశాలలో కడపటి తరగతి. చదువున వెనుకబడినవాడు కాడు గాని, ఆ దేశపు ఫుట్‌బాల్ ఆట యన్న వానికి ప్రాణము. ఈ యాట మన మెఱిగినది కాదు. పేరునకు కాలిబంతియే యైనను బంతి కోడిగ్రుడ్డువలె కోలగా నుండును. కాలితో తన్నుట తక్కువ, చేతబట్టి పరుగిడుటయు విసరుటయు నెక్కువ. పక్షమునకు 11 గురు. తలకు గట్టి శిరస్త్రాణము, భుజములకు దిండ్లవంటి కవచములు ధరించి యొకరినొకరు ఢీకొందురు. మొదటిసారి మైదానమున మా పిల్లవానిమీద నలుగురు పడుట చూచి మా గుండెలు జల్లుమన్నవి. వాడు మాత్రము లేచి దుమ్ము దులుపుకొని నవ్వెను.

ఆ దినములలో ఇంట మూడు పక్షము లేర్పడి యుండెను. ఒక పెద్ద విశ్వవిద్యాలయపు శిక్షకుడు పిల్లవాని యాట చూచి, తమ జట్టున జేరినచో చదువు, భోజనము, వసతి సమస్తము నుచితముగా నిత్తుమని కబురంపెను. మా యల్లుడు దానికి మొగ్గుచుండెను. ఆట కట్టిపెట్టి చదువుమీదనే దృష్టి నిలుపవలెనని మా కుమార్తె పట్టుదల. పిల్లవాని కోరిక మూడవది. చికాగో విశ్వవిద్యాలయమున జేరి చదువుకొనుచు ఆడుకొందునని వాని మాట. అచ్చట ఆట గలదు గాని ఆటకై విద్యార్థివేతన మీయరు. చదువు రుసుమే యేటికి దాదాపు 70,000 డాలర్లు. పెద్దలముగదా యని మమ్ము దీర్పు చెప్పమనిరి. మేము లోలోపల కుమార్తె పక్షమే. "చూడకుండ తీర్పు చెప్పకుడు, అమ్మమ్మా!" యని మనుమడు ప్రాధేయపడగా ఒక శనివారము నాడు అల్లునితో సహా అందఱమును బయలుదేఱితిమి.

నేపర్‌విల్ నుండి రైలు చికాగోలోని యూనియన్ స్టేషనునకు జేర్చినది. అచ్చటినుండి తూర్పుగా నడచి, నదిమీది వంతెన దాటి, మిచిగన్ వీథికి వచ్చితిమి. 1893లో వివేకానందస్వామి ప్రసంగించిన భవన మా వీథిలోనిదే. ఇప్పు డది చిత్రకళాశాల; దాని యెదుటి వీథిభాగమునకు స్వామి పేరు పెట్టియున్నారు. దూరమునుండియే నమస్కరించి, సమీపమున వేఱొక రైలెక్కితిమి. అది దక్షిణముగా సరస్సు వెంబడి సాగును. సరస్సని పేరే గాని ఆవలిగట్టు కానరాదు. మన బాపట్ల సముద్రతీరము జ్ఞప్తికి వచ్చెను.

రైలులో మా కుమార్తె తన భయమును విడమరచి చెప్పెను. నార్త్ కారొలైనా విశ్వవిద్యాలయమున 1993 మొదలు 2011 వఱకు పేరునకే తరగతులు నడచినవట. ఉపాధ్యాయుని ముఖము చూడ నక్కఱలేదు. ఒక వ్యాసము వ్రాసి యిచ్చినచో మంచి మార్కులు వచ్చెడివి. 2014లో వెలువడిన విచారణ నివేదిక ప్రకార మట్టి తరగతులలో పేరు వ్రాయించుకొన్నవారు 3,100 మందికి పైగా. వారిలో దాదాపు సగముమంది ఆటగాండ్రు. "వారు పిల్లల నోటిలో తేనె పోసి, చేతికి ఉత్తకాగిత మిచ్చి పంపిరి" అని మా కుమార్తె యనెను. అల్లుడు మాఱు పలికెను: అందఱు నట్టివారు కారు, చికాగోకు ఉత్తరమున నున్న నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయము పెద్దజట్లతో నాడుచునే విద్యలో పేరు నిలుపుకొన్నది గదా! అదియు నిజమే. కాని కాలమును మాఱినది. ఆటగాండ్రు తమ పేరును బొమ్మను ప్రకటనల కిచ్చి ధనము గడించుటకు 2021లో అనుమతి వచ్చెను. 2025 జూన్ నెలలో న్యాయస్థాన మామోదించిన యొడంబడికచే విశ్వవిద్యాలయములే ఆటగాండ్రకు నేరుగా డబ్బీయవచ్చును. 2025-26వ సంవత్సరమున కొక్కొక్క విశ్వవిద్యాలయ మిందుకై వెచ్చింపదగిన మొత్తము సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. అంత ధనమిచ్చువారు విద్యార్థినుండి ముం దేమి కోరుదురో చెప్ప నక్కఱలేదు.

57వ వీథికడ దిగి పడమరగా నడచితిమి. చెట్లన్నియు పసుపు, కుంకుమ చల్లినట్లుండెను. బూడిదవన్నె రాతికట్టడములు, కోసుదేఱిన కిటికీలు, గోడల నల్లుకొన్న తీగెలు గలిసి ఆ ప్రదేశమునకు మఠమువంటి గాంభీర్య మిచ్చుచుండెను. ఈ విశ్వవిద్యాలయము 1892లో తలుపులు తెఱచినది. మొదటి దినమునుండియే స్త్రీలకు బురుషులతో సమానముగా ప్రవేశ మిచ్చినది.

దీని మొదటి యధ్యక్షుడు విలియం రెయినీ హార్పర్ మహాశయుడు. క్రొత్త విద్యాలయమునకు పేరు రావలెనన్న ఆట యొక మంచి సాధనమని యాయన తలచి, ఏమస్ అలాంజో స్టాగ్ అను శిక్షకుని రావించి ఆచార్యుల వరుసలో స్థానమిచ్చెను. స్టాగ్ 1932 వఱకు 41 సంవత్సరములు అచ్చట జట్టును తీర్చెను. 1896లో మధ్యపశ్చిమ ప్రాంతపు విశ్వవిద్యాలయములు గలిసి యేర్పఱచుకొన్న కూటమికి చికాగో మూలస్తంభములలో నొకటి. 1905లో చికాగో జట్టు దేశమందంతట సాటిలేనిదని పేరొందెను. ఆటస్థలమునకు స్టాగ్ పేరు పెట్టిరి. అది పెరిగి పెరిగి ఏబదివేలమందికి చోటిచ్చునంత యయ్యెను. 1935లో జే బర్వాంగర్ అను చికాగో విద్యార్థికి, దేశమున నుత్తమ ఆటగాడని, కంచుబొమ్మ బహుమానముగా వచ్చెను. నేడు హైస్మన్ బహుమానమని దేశమంతయు గొనియాడు దానికి మొదటి గ్రహీత యాతడే. ఆతడు దానిని తన మేనత్తకడ నుంచగా ఆమె తలుపు కొట్టుకొనకుండ అడ్డుపెట్టుకొనెడిదని చెప్పుకొందురు. ఇంటి యిల్లాండ్రకు ఏ వస్తు వెందు కక్కఱకు వచ్చునో తెలియును గదా!

ఈ వైభవము నడుమనే చెడుగు మొలకెత్తెను. ఆ కాలమున దేశమందంతటను కళాశాలలు గెలుపునకై ఆటగాండ్రకు రహస్యముగా డబ్బిచ్చి తెచ్చుకొనుచుండెను. 1929లో కార్నెగీ సంస్థవారు ప్రకటించిన పెద్ద నివేదిక దానిని బట్టబయలు చేసెను. ఆ సంవత్సరమే రాబర్ట్ హచిన్స్ అను 30 ఏండ్ల యువకుడు చికాగోకు అధ్యక్షుడై వచ్చెను. విశ్వవిద్యాలయము విద్యకొఱకే గాని వినోదపు టమ్మకమునకు గాదని యాయన నిశ్చయము. చదువు కఠినమయ్యెను, ఆటగాండ్రకై సులభమైన దారి వేయ నిరాకరించిరి. ఫలితముగా జట్టు చిక్కి శల్యమయ్యెను. 1939 అక్టోబరులో మిచిగన్ జట్టు చికాగోను 85-0 గా నోడించెను. ఆ డిసెంబరులోనే ధర్మకర్తలు ఫుట్‌బాల్ జట్టును రద్దుచేయుచున్నట్లు ప్రకటించిరి. దేశమంతయు నివ్వెఱపోయెను. 1946లో కూటమినుండియు వైదొలగిరి.

ఆట లేని ఆటస్థల మేమి చేయును? ఇచ్చట నొక విచిత్రము జరిగెను. పడమటి దిక్కున ప్రేక్షకులు కూర్చుండు మెట్లక్రింద బంతియాటకై కట్టిన గది యొకటి యుండెను. అందు ఎన్రికో ఫెర్మి నాయకత్వమున శాస్త్రజ్ఞులు గ్రాఫైటు ఇటుకలను, యురేనియమును పేర్చి, 1942 డిసెంబరు 2వ తేదీన పరమాణుశక్తిని మొదటిసారిగా అదుపులో నుంచి వెలువరించిరి. ఆ బృందమున నొక్కతె స్త్రీ గలదు: లియోనా వుడ్స్, ఆమె కప్పటికి 23 ఏండ్లే. పేర్చినదానిలో జరుగు మార్పును కొలుచు పరికరములు చేసినది యామెయే. 1957లో ఆ మెట్లు కూల్చివేసిరి. ఆ స్థలమున హెన్రీ మూర్ చెక్కిన కంచు విగ్రహమును 1967లో నిలిపిరి. తలయో, పుట్టగొడుగో, పుఱ్ఱెయో తెలియరాని యా రూపము నెదుట మేము చాలసేపు నిలుచుంటిమి. ఆ గదిలో బుట్టిన శక్తి దీపమును వెలిగించును, ఊళ్లను బూడిదయు జేయును. ఆటను వెడలగొట్టి విద్య యొక్కటే మిగిలినచోట సమస్తము శుభమే యగునని చెప్ప వీలులేదని మాకు దోచెను.

విగ్రహమునకు ప్రక్కనే రీగన్‌స్టీన్ గ్రంథాలయము. 1970లో తెఱచిరి. పాత ఆటస్థలముమీదనే నిలిచినది. దాని చెంత 2011లో కట్టిన గాజుగుమ్మటపు గ్రంథాలయ మింకొకటి గలదు. అం దడుగున భూగర్భమున 35 లక్షల సంపుటములకు చోటున్నది. యంత్రములే పుస్తకములు తీసి పైకి పంపును. తెలుగువారలమైన మాకు ముదము గూర్చిన విషయము మఱియొకటి. మన దేశము అమెరికానుండి గోధుమలు కొని రూపాయలలో చెల్లించిన దినములలో, ఆ రూపాయలలో కొంతభాగముతో 1962 మొదలుకొని భారతీయభాషల పుస్తకములు కొని అమెరికా గ్రంథాలయములకు పంపిరి. చికాగోకును అట్లు వచ్చినవి. క్షేత్రయ్య పదములను ఇంగ్లీషు చేసిన మువ్వురిలో నొకరైన ఏ.కె. రామానుజన్ గారును ఇచ్చటి ఆచార్యులే. జనులు కేకలు వేసిన నేలమీద నేడు మన తెలుగు పుస్తకములు నిశ్శబ్దముగా నిలిచియున్నవి.

"చూచితివా! ఆట పోయినచోట నెంత చదువు వచ్చినదో" యని మా కుమార్తె కొడుకు వంక చూచెను. వాడు నవ్వి, "కథ యింకను కాలేదమ్మా" యని పడమరకు దారితీసెను.

నిజమే. కథ కాలేదు. 1963లో మరల ఫుట్‌బాల్ ఆడబోవగా, పాతరోగము తిరుగబెట్టునని భయపడిన విద్యార్థులు మైదానము నడుమ బైఠాయించిరట. అయినను 1969లో జట్టును పునరుద్ధరించిరి. ఈసారి కట్టుబాటు వేఱు. నేడు చికాగో కళాశాలాటల మూడవ విభాగమున నాడుచున్నది. ఆ విభాగమున ఆట కారణముగా ఎవ్వరికిని విద్యార్థివేతన మీయరాదు. అవసరమునుబట్టియు, చదువునుబట్టియు సహాయము చేయుదురు. ఆటగాడు ఆడుట మానినను వాని చదువునకు భంగము రాదు. మా మనుమడు చూపదలచిన కీలకమిదే.

క్రొత్త స్టాగ్ మైదానము చిన్నది. పాతదానిలో నొక మూల కైనను సరిపోదు. ఆ మధ్యాహ్నము కొన్నివందలమంది యుందురేమో. మా ప్రక్క నొక తల్లి అట్టపెట్టె నిండ భోజనము దెచ్చుకొని కూర్చుండెను. మేము విదేశీయులమని గుర్తించి ఆట నోపికతో వివరించినది. ఆమె కుమారుడు రసాయనశాస్త్ర విద్యార్థి. వారమున నొకనాడు ప్రయోగశాల ముగిసినపిమ్మటగాని సాధనకు రాలేడట. శిక్షకుడు కోపింపడా యని యడిగితిమి. "ముందు ప్రయోగశాలకు పొమ్మనునది శిక్షకుడే" యని యామె యుత్తరము. ఆ మాట విని మా కుమార్తె తల త్రిప్పి యామెవంక చూచెను.

గెలుపు కోరనిచోట ఆట చప్పగా నుండునని మా యల్లుని సందేహము. ఆ సందేహమును తీర్చు సంగతి యొకటి మనుమడే చెప్పెను. అసలైన కాలిబంతియాటలో ఇదే విశ్వవిద్యాలయపు పురుషుల జట్టు 2022లో ఒక్క యాటయు నోడక మూడవ విభాగపు జాతీయ విజయమును సాధించెను. దాని శిక్షకురాలు జూలియన్ సిచ్ అను స్త్రీ. కళాశాల పురుషుల జట్టునకు ఆ యాటలో జాతీయవిజయము సాధించిపెట్టిన మొదటి స్త్రీ యామెయే. కొలత తప్పక ఆడినవారును గెలువగలరు.

ఆట ముగిసినది. చికాగో గెలిచినదో యోడినదో మేము సరిగా గమనింపలేదు, ఎందుకన ఆ సమయమున మా కుమార్తె మెల్లగా ఒక మాట యనెను: "అమ్మా, నా బ్యాటు అటకమీదనే యున్నదా?"

సోదరీమణులారా, ఇచ్చట మా తప్పు చెప్పుకొనవలెను. చిన్ననాడు మా కుమార్తె బాల్ బాడ్మింటన్ బాగుగా నాడెడిది. పసుపుపచ్చని ఉన్నిబంతి నేలకు దిగకుండ అది చేయు పరుగును చూచుటకు వీథివారు నిలిచెడివారు. జిల్లా జట్టునకు పిలుపు వచ్చిన సంవత్సరమే పదవ తరగతి. మేము చర్చింపలేదు, బ్యాటు తీసి అటకపై బెట్టితిమి. పిల్ల యేడ్వలేదు. మంచి మార్కులు వచ్చినవి, ఇంజనీరయ్యెను, సముద్రములు దాటెను. మా నిర్ణయమే దానికి కారణమని యిన్నాళ్లును గర్వించితిమి. ఆ సాయంకాల మది యన్నమాట యిది: "మార్కులు వచ్చినవమ్మా. సాయంకాలములు మాత్రము పోయినవి. తరువాత నేను మైదానమువంక పోలేదు. వీనిని చూచి భయపడునది వీని చదువునకు గాదేమో."

మేమును హచిన్సు గారివలెనే రద్దుచేసితిమి. ఆయన యెదుట ఒక పెద్ద యవినీతి యుండెను. అమ్మకమునకు బెట్టిన ఆట యుండెను. మా యెదుట నున్నదేమి? ఒక పిల్ల, ఒక యున్నిబంతి, దినమున కొక గంట. విద్యకు శత్రువు ఆట కాదు. గెలుపునకై చదువును చౌకచేయుట శత్రువు. చౌకచేయకుండ కాపాడుట కష్టమని ఆటనే తీసివేయుట సులభమైన మార్గము. కొలత నిలుపుటకు నిత్యము మేలుకొని యుండవలెను. ఆ విశ్వవిద్యాలయమునకు తన కొలత తెలియుటకు 30 ఏండ్లు పట్టినది. మాకు అంతకంటె నెక్కువయే పట్టినది.

తిరుగురైలులో మా తీర్పు చెప్పితిమి. కొలత యున్నచోటికి పంపుడనియు, డబ్బు విషయమున మాకు చేతనైనంత మేమును చేయుదుమనియు నంటిమి. అల్లుడు చాలసేపు కిటికీలోనుండి చీకటిని జూచి, క్రొత్త యిల్లు కొనుట నాలుగేండ్లు వాయిదా వేయుదమని తేల్చెను. అది చిన్న త్యాగము కాదు. మా కుమార్తెయు నొక షరతు పెట్టెను: తలకు దెబ్బ తగిలి వైద్యుడు వలదన్న దినమున మాఱుమాటాడక ఆట విడువవలెను. వాడు తల్లి చేతిలో చేయివేసి ఒప్పుకొనెను. డిసెంబరు నెలలో విశ్వవిద్యాలయమున చోటు దొరకినదని జాబు వచ్చెను.

మే మింటికి తిరిగివచ్చి అటక వెదకితిమి. బ్యాటు దొరకినది, నరములు తెగి, చట్రము వంకరపోయి యుండెను. దానిని బాగుచేయించి, బంగీకట్టి నేపర్‌విల్‌కు పంపితిమి. ప్రక్కయింటి పిల్ల యీ యేడు పదవ తరగతి. దాని తల్లి మొన్న వచ్చి, పరుగుపందెములకు పోవలదని దానికి బుద్ధి చెప్పుమని మమ్మడిగినది. మేము కాఫీ యిచ్చి కూర్చుండబెట్టి యీ కథయంతయు చెప్పితిమి. ఆమె యేమియు ననలేదు. మఱునాటి సాయంకాలము ఆ పిల్ల బూట్లు చేతబట్టుకొని మైదానమునకు బోవుట మా అరుగుమీదనుండి చూచితిమి. దీపాలవేళకు తిరిగివచ్చి పుస్తకము ముందు కూర్చుండుటయు చూచితిమి.